రాళ్ళు తెలియని పాదం

కాలింగ్ బెల్ మోగింది.

మంచం దిగబోతున్న డ్రిల్లు మాస్టారు ఉన్నచోటే బిగుసుకుపోయారు. కాళ్ళకి బూట్లున్నాయి.

"ఏమండీ, మీ అక్కగారొస్తున్నారు!" వంటింటి కిటికీలోంచి చూసి భార్య కేకేసింది. "నా సవతిని దాచుకోండి!"

సవతి అంటే ఆ బూట్లే. నల్లటివి, మందపాటి అడుగువి, లోపల మాస్టారి పాదం వంపుకి సరిపడా మలిచిన మెత్తటి అట్టలున్నవి. ఆరు నెలలుగా అవి ఆ ఇంట్లో గుట్టుగా కాపురం చేస్తున్నాయి. మాస్టారు లేసులు లాగి, రెంటినీ ఊడబీకి, మంచం కిందికి తోసి, పాత సూట్‌కేసు అడ్డం పెట్టారు. సాక్సులు దిండు కిందికి పోయాయి. తలుపు తీసేసరికి ఆయన పాదాలు, పేటలో అందరికీ తెలిసినట్టే, ఏ ఆచ్ఛాదనా లేకుండా ఉన్నాయి.

మడమ నేలకి ఆనగానే మేకు దిగినట్టు చురుక్కుమంది. ఆయన మొహంలో కండరం కదల్లేదు. ముప్పై ఏళ్ళు ఎండలో నిలబడి పిల్లలచేత డ్రిల్లు చేయించిన మొహం అది.

రిటైరయ్యాక మాస్టారు పార్కులో ఉత్త కాళ్ళ నడక మొదలుపెట్టారు. పొద్దున్నే ఇరవై మంది వస్తారు. చెప్పులు విప్పి సిమెంటు బెంచీ పక్కన వరసగా పెడతారు. కంకర బాట మీద నలభై నిమిషాలు నడుస్తారు. చెప్పు వేసిన పాదం గంతలు కట్టిన కన్నులాంటిదని మాస్టారు రోజూ చెబుతారు. ఒకసారి మడమ నొప్పిగా ఉందని బ్యాంకాయన బూట్లతో వచ్చాడు. "ఏమయ్యా, రెయిన్‌కోటు వేసుకుని స్నానానికొచ్చావా?" అని మాస్టారు అడిగితే పార్కు పార్కంతా నవ్వింది. బ్యాంకాయన అక్కడే బూట్లు విప్పేశాడు. మళ్ళీ ఎప్పుడూ వేసుకురాలేదు.

ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉండగానే మాస్టారికీ మడమ నొప్పి పట్టుకుంది. అలాంటప్పుడు ఎవరికి చెప్పుకుంటారు?

"ఏరా, తలుపు తీయడానికి ఇంతసేపా? లోపల ఎవర్ని దాచావు?" అంటూ అక్క లోపలికొచ్చింది.

"అదే నేనూ అడుగుతున్నా వదినా," అంది భార్య.

"ఊరుకోవే," అన్నారు మాస్టారు, చెమట తుడుచుకుంటూ.

అక్క ఆయనకన్నా ఆరేళ్ళు పెద్దది. పదేళ్ళుగా షుగరుంది. తమ్ముడి మాట విని నాలుగు నెలల కిందట నడకలో చేరింది. మొదట్లో అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనేది, కంకర గుచ్చుకుంటోందని మూలిగేది. ఆ తర్వాత మూలగడం మానేసింది. ఇప్పుడు అందరికన్నా ముందు నడుస్తోంది. పోయిన నెల మాస్టారు ఆవిణ్ణి బెంచీ ఎక్కించి, "చూడండి మా అక్కని! రాళ్ళే తెలియడం లేదట!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

వచ్చే ఆదివారానికి బృందం నడక మొదలై ఏడాది. ముందు నడవాల్సింది అక్కే.

"ఒరేయ్, ఆదివారం రెండు మాటలు మాట్లాడమన్నావు. ఏం మాట్లాడను? పరుపు మీద నడిచినట్టుంది అని చెప్పనా?"

"అదే చెప్పక్కా. అంతకన్నా ఏం కావాలి?"

ఆ మాట అన్నది మంగళవారం. బుధవారం పొద్దుటికి ఆ మాటే ఆయన గొంతుకి అడ్డం పడింది.

*

అచ్చుల మేస్త్రి దుకాణానికి రెండు బస్సులు మారాలి. మాస్టారు అంత దూరం వెతుక్కుని మరీ వెళ్ళింది అందుకే. ఆ పేటలో ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు. మేస్త్రి పని పాదాలకి కొలత బూట్లు చేయడం. ప్రతి మనిషి పాదానికీ పిండిలాంటి సున్నంతో అచ్చు తీసి, దాన్నిబట్టి లోపలి అట్ట మలుస్తాడు. గోడ పొడుగునా అలమరలో తెల్లటి పాదాలు వరసగా నిలబడి ఉంటాయి. వాటి మీద పేర్లుండవు, పెన్సిలుతో రాసిన నంబర్లే. "పేరు రాస్తే జనం రారండి," అంటాడు మేస్త్రి.

మాస్టారి అచ్చుకి నంబరు కూడా అక్కర్లేదు. ఎడమకాలి చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి కూర్చుని ఉంటుంది. చిన్నప్పుడు అక్క దానికి రాజుగారని పేరు పెట్టింది. ఏనుగెక్కి ఊరేగుతున్నారట. కాళ్ళు కడిగినప్పుడల్లా రాజుగారికి వేరే స్నానం.

ఆ బుధవారం, గీరుకుంటున్న అట్ట అంచుని మేస్త్రి ఆకురాయితో రుద్దుతుంటే, ఊరికే కూర్చోలేక మాస్టారు మాటల్లోకి దిగారు. "మీరేమన్నా అనండి మేస్త్రీ, ఉత్త కాలికున్న బలం వేరు. మా అక్కకి షుగరు. అయినా కంకర మీద నాకన్నా ముందు నడుస్తుంది. ఇదివరకు తిమ్మిరనేది, ఇప్పుడదీ లేదు. రాళ్ళే తెలియవట!"

ఆకురాయి ఆగిపోయింది.

"ఆవిడ కాలు ఈమధ్య ఎవరన్నా చూశారా?"

"రోజూ చూస్తూనే ఉన్నాంగా."

"పైనుంచి కాదు మాస్టారూ. తిప్పి, అడుగు వైపు."

మాస్టారు తన అరికాలే తిప్పి చూసుకున్నారు.

మేస్త్రి సొరుగులోంచి పుల్లకి కట్టిన సన్నటి నైలాను దారం తీశాడు. దాని కొనతో మాస్టారి అరికాలి మీద తాకించాడు. మాస్టారు చక్కిలిగిలికి కాలు వెనక్కి లాక్కున్నారు.

"చూశారా, మీకు తెలిసింది. పాదానికి కళ్ళుంటాయని మీరంటారే, అది నిజమే. షుగరు ముదిరితే ఆ కళ్ళు పోతాయి. ఉత్త కాళ్ళతో నడవడం తప్పని నేననను. తెలివున్న కాలు నిక్షేపంగా నడవచ్చు. కానీ రాయి తెలియని కాలికి గాజుముక్కా తెలియదు, మేకూ తెలియదు. తిమ్మిరి పోయిందంటే నయమయిందనుకున్నారా? కాపలావాడు నిద్రపోయాడండీ."

మాస్టారికి చెవులు వేడెక్కాయి. చప్పట్లు కొట్టించిన సంగతి మేస్త్రికి చెప్పలేదు.

"ఇవాళే చెప్పండి," అన్నాడు మేస్త్రి. "సాయంత్రందాకా కూడా ఆగొద్దు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమనండి. రోజూ అరికాళ్ళు అద్దంలో చూసుకోమనండి. నా దగ్గరికి తీసుకురండి."

"ఇవాళే చెప్తాను," అన్నారు మాస్టారు. ఆ క్షణంలో నిజంగానే అనుకున్నారు.

*

మొదటి బస్సులో వాక్యం తయారుచేసుకున్నారు. 'అక్కా, నువ్వు చెప్పులు వేసుకోవాలి.' ఎందుకు అంటుంది. 'షుగరు వాళ్ళకి ప్రమాదమట.' ఎవరు చెప్పారంటుంది. రెండో బస్సెక్కేసరికి ఆ 'ఎవరు' దగ్గర దారి మూసుకుపోయింది. మేస్త్రి పేరు చెబితే బూట్లు బయటపడతాయి. బూట్లు బయటపడితే బ్యాంకాయన మొహం గుర్తొస్తుంది. నాలుగు నెలలుగా తను పొద్దున్నే బూట్లేసుకుని మంచం దిగుతూ, అక్కని మాత్రం కంకర మీదికి తోశాడని తెలుస్తుంది.

సాయంత్రం ఫోన్ చేశారు. "అక్కా, ఆదివారం నువ్వు ముందు నడవకపోయినా..."

"చుట్టాలందరికీ చెప్పేశాన్రా! ఇప్పుడు కాదంటే నా పరువేం కాను?"

"అబ్బే, ఊరికే అడిగాలే."

గురువారం బాట తడిగా ఉంది, ఈ పూటకి వద్దన్నారు. రాళ్ళు కడిగినట్టయి ఇంకా బాగున్నాయంది అక్క.

శుక్రవారం ఆవిడ ఇంటికే వెళ్ళారు. అక్క సోఫాలో కాళ్ళు చాపుకుని టీవీ చూస్తోంది. పాదాలు రెండూ ఆయనకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాయి. కుడి అరికాలు దిండులోకి ఒత్తుకుని ఉంది. మాస్టారు వంగి దానికేసి చెయ్యి చాపారు.

అక్క చటుక్కున కాళ్ళు ముడుచుకుంది. "ఏంట్రా, కాళ్ళకి దణ్ణం పెడతావా? అరవై దాటాక బుద్ధొచ్చిందా?"

మాస్టారు నవ్వేశారు. మంచినీళ్ళు తాగి వచ్చేశారు.

శనివారం రాజీకొచ్చారు. ఒక్క ఆదివారం, నలభై నిమిషాలు. అది గడవనీ, సోమవారం చెప్పేద్దాం.

*

ఆదివారం ఇరవై జతలూ బెంచీ పక్కన వరసగా ఉన్నాయి. అక్క ఉతికిన తెల్లచీర కట్టుకొచ్చింది. రెండు మాటలు మాట్లాడింది, పరుపు మాట కూడా చెప్పింది. చప్పట్లయ్యాక అందరికన్నా ముందు కంకర మీదికి దిగింది.

మాస్టారు కావాలనే అందరికన్నా వెనక నడిచారు. మడమ మండుతోంది. కళ్ళు మాత్రం ముందున్న తెల్లచీర అంచు మీదే ఉన్నాయి. ఒక చుట్టు అయింది. రెండో చుట్టూ అయింది. ఏమీ కాలేదు. మేస్త్రి ఊరికే భయపెట్టాడనుకున్నారు. ఎంత తేలికపడ్డారంటే, పక్కనున్న టైలరమ్మతో జోకు కూడా వేశారు.

మూడో చుట్టులో కంకర అయిపోయి సిమెంటు దారి వచ్చింది. అక్కడ ఆయన అడుగు ఆగిపోయింది.

దారి మీద ఎర్రటి మచ్చ ఉంది. రెండడుగుల అవతల మరొకటుంది. ఆ తర్వాత ఇంకొకటి. అన్నీ కుడికాలివే. లెక్క తప్పకుండా, డ్రిల్లు చేసినట్టు, ముందుకు పోతున్నాయి. ఆ మచ్చల చివర అక్క టైలరమ్మ కూతురితో నవ్వుతూ కబుర్లు చెబుతూ నడుస్తోంది.

"అక్కా! ఆగు!"

మాస్టారు పరుగెత్తారు. మడమలో మేకు దిగుతున్నా పరుగెత్తారు. అక్క వెనక్కి తిరిగి, "ఏంట్రా అరుపులు? నేనేం గెలవట్లేదులే!" అంది.

ఆయన మోకాళ్ళ మీద కూలబడి ఆవిడ కుడికాలు ఎత్తి తిప్పారు. రెండో వేలి మొదట్లో గాజుముక్క ఉంది. దాని చుట్టూ చర్మం నల్లబడి, ఉబ్బి ఉంది. వాసనొస్తోంది.

"ఏముందిరా అక్కడ?" అంది అక్క. నొప్పిగా ఉందని అడగలేదు. తెలియక అడిగింది.

*

"ఇది ఇవాళ దిగింది కాదు," అంది డాక్టరమ్మ. "తక్కువలో తక్కువ మూడు రోజులు. నాలుగన్నా ఆశ్చర్యం లేదు. నొప్పి లేదని నడుస్తూనే ఉన్నారు. ఎవరూ చూడలేదా?"

మాస్టారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. బుధ, గురు, శుక్ర, శని. శుక్రవారం దగ్గర వేలు ఆగిపోయింది. తల కొట్టేసినట్టయింది.

చీము ఎముకదాకా వెళ్ళింది. పదిరోజులు మందులు వాడి చూశారు. పదకొండో రోజు ఆ వేలు తీసేశారు.

చూడ్డానికి వచ్చిన వాళ్ళలో ఎవరో, "తమ్ముడి మాట విని ఉత్త కాళ్ళతో నడిస్తే ఇంతే మరి," అన్నారు. అక్క మంచం మీంచి లేచి కూర్చుంది. "వాణ్ణి ఎవరన్నా ఏమన్నా అంటే ఊరుకోను. కళ్ళు పెట్టుకుని నడవకపోవడం నాది తప్పు. వాడేం చేశాడు? వాడూ నాతోపాటు అవే రాళ్ళ మీద నడిచాడు." గుమ్మంలో నిలబడ్డ మాస్టారు కాఫీ గ్లాసు పట్టుకుని నేల చూస్తూ ఉండిపోయారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

నడక మాత్రం ఆపలేదు. ఆపితే ఎందుకాపారని అడుగుతారు. రోజూ పొద్దున్నే వెళ్ళి మిగిలిన పందొమ్మిది మందిని ఉత్త కాళ్ళతో నడిపించి, ఇంటికొచ్చి తలుపు గడియ వేసుకుని బూట్లు తొడుక్కుంటున్నారు. భార్య ఇప్పుడు సవతి జోకు వేయడం మానేసింది. అది ఇంకా కష్టంగా ఉంది.

నెలన్నరకి గాయం మానింది. కొలత బూట్లు లేకుండా అడుగు కింద పెట్టొద్దని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పి, ఒక చిరునామా రాసిచ్చింది. మాస్టారు కాగితం విప్పి చూశారు. రెండు బస్సులు మారాలి.

ముందురోజు ఒక్కరే వెళ్ళారు. "మేస్త్రీ, ఒక్క సాయం. ఆ అచ్చు... రేపు కనపడకుండా..."

 మేస్త్రి నిచ్చెన ఎక్కి రాజుగారిని కిందికి దించాడు. పాత పేపరులో చుట్టి బల్ల కింద పెట్టాడు.

"రేపు రాగానే కొత్తవాళ్ళలా నమస్కారం పెట్టండి," అన్నాడు. "నేనూ పెడతాను. నాటకం రక్తి కట్టాలిగా."

*

నమస్కారాలయ్యాయి. అక్క కుర్చీలో కూర్చుని అలమర చూసి, "అమ్మో, ఎన్ని కాళ్ళో! రాత్రిపూట ఇవన్నీ లేచి షికారు పోవు కదా?" అంది. మేస్త్రి నవ్వాడు. మాస్టారికి నవ్వు రాలేదు. అలమరలో ఒకచోట ఖాళీ ఉంది, పన్ను పీకిన చోటులా.

"ముందు బాగున్న కాలు చూద్దామమ్మా," అన్నాడు మేస్త్రి, ఆవిడ ఎడమ పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని. "కళ్ళు మూసుకోండి. నేను దారంతో తాకుతాను. తెలిసినప్పుడల్లా 'ఆఁ' అనండి. అంతే."

"పిల్లలాటలా ఉందే," అని అక్క కళ్ళు మూసుకుంది.

మేస్త్రి బొటనవేలి కింద తాకించాడు. దారం వంగింది. చిటికెన వేలి కింద తాకించాడు. పాదం మధ్యలో, అంచున, మడమ మీద. ఒక్కొక్క చోటా దారం విల్లులా వంగుతోంది. అక్క మొహం ప్రశాంతంగా, బుద్ధిగా, పరీక్షకి కూర్చున్న పిల్లలా ఉంది. తొమ్మిది చోట్లయ్యాయి. మేస్త్రి తలెత్తి మాస్టారికేసి చూశాడు.

"ఇంకా మొదలెట్టలేదా బాబూ?" అంది అక్క, కళ్ళు మూసుకునే.



మాస్టారు వంగారు. బల్ల కింద చెయ్యి పెట్టి ఆ పొట్లం బయటికి లాగారు. పేపరు చింపి, తెల్లటి అచ్చుని అక్క ఒళ్ళో పెట్టారు.

"ఏంటిది? కళ్ళు తెరవనా?"

"వద్దు," అన్నారు మాస్టారు. ఆయన మొహం ఆవిడ చూస్తే నోరు పెగలదని భయం.

అక్క వేళ్ళు అచ్చు మీద నడిచాయి. మడమ, వంపు, వేళ్ళు. చివరి వేలి దగ్గర ఆగి, దాన్ని పట్టుకున్నాయి. ఆవిడ పెదవుల మీద నవ్వొచ్చింది. "రాజుగారు!" అంది.

ఆ తర్వాత నవ్వు మెల్లగా పోయింది. కళ్ళు తెరిచింది.

"ఇది నీ కాలు."

"ఊఁ."

"నీ కాలు ఇక్కడెందుకుందిరా?"

మాస్టారు చెప్పారు. మడమ నొప్పి, బూట్లు, మంచం కింద సూట్‌కేసు. "నువ్వు నడకలో చేరేనాటికే రెండు నెలలైంది," అన్నారు. బుధవారం మేస్త్రి చెప్పిన మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పారు. ఫోను, తడి బాట కూడా చెప్పారు. శుక్రవారం దగ్గర ఆగారు.

"శుక్రవారం నా కాలు చూడ్డానికొచ్చావా?"

"ఊఁ."

"నేను జోకేశాను."

"ఊఁ."

"నువ్వు నవ్వావు."

మాస్టారు ఊఁ అనలేకపోయారు.

అక్క అచ్చుని తమ్ముడికివ్వలేదు. మేస్త్రి చేతికిచ్చింది. "దీన్ని ఎక్కడినుంచి తీశావో అక్కడే పెట్టు బాబూ, కనపడేట్టు. ఇప్పుడు నాది తియ్యి."

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు.  రెండో బస్సు దిగేటప్పుడు చెయ్యి అందిస్తే ఆవిడ పట్టుకోలేదు, కమ్మీ పట్టుకుని దిగింది. ఇంటి గుమ్మం దగ్గర మాత్రం ఆగింది.

"రేపు పార్కుకొస్తాను. నడవడానికి కాదు."

*

పొద్దున్నే మాస్టారు గుమ్మంలో కూర్చుని, వీధిలో వాళ్ళు చూస్తుండగా, లేసులు కట్టుకున్నారు. ముడి రెండుసార్లు జారింది. లేవబోతుంటే భార్య వచ్చి చెయ్యి చాపింది. "సాక్సులు. దిండు కింద మర్చిపోయారు." మాస్టారు మళ్ళీ కూర్చుని, లేసులు విప్పారు.

ఆ బూట్లకి వీధి కొత్త. నడుస్తుంటే టపటపమని చప్పుడైంది. పార్కులో చెప్పులన్నీ బెంచీ పక్కన వరసగా ఉన్నాయి. అక్క ఆ బెంచీ మీదే కూర్చుని ఉంది. కట్టు ఊడదీసిన కుడికాలు ముందుకు చాపుకుంది. లేని వేలి చోటు అందరికీ కనపడుతోంది. చూడనట్టు నటించడం ఎవరివల్లా కావడం లేదు.

ముందు చూసింది టైలరమ్మ. "మాస్టారూ! రెయిన్‌కోటు వేసుకుని స్నానానికొచ్చారే!"

అందరూ గొల్లుమన్నారు. బ్యాంకాయన ఒక్కడూ నవ్వలేదు. మాస్టారి బూట్లకేసే చూస్తున్నాడు.

నవ్వు ఆగేదాకా మాస్టారు నిలబడ్డారు. ఇరవై మంది ముందు మాట్లాడటం ఆయనకి కొత్తకాదు. మైకు లేకుండా నాలుగొందల మంది పిల్లల్ని అటెన్షన్‌లో నిలబెట్టిన గొంతు. అది ఇప్పుడు ఎక్కడికి పోయిందో తెలియదు.

"నేను... ఇప్పటికి ఎనిమిది నెలలుగా... ఇంట్లో ఇవి వేసుకుంటున్నాను," అన్నారు బూట్లతో చెబుతున్నట్టు. "మడమ నొప్పని. మీకు చెప్పలేదు. బ్యాంకాయన్ని ఆ రోజు... అక్కకి రాళ్ళు తెలియడం లేదంటే, చప్పట్లు కొట్టించాను. అది జబ్బని ఒకాయన చెప్పాక కూడా, నాలుగు రోజులు..."

 గాలికి ఎండుటాకు ఒకటి బూటు మీద వాలింది. బ్యాంకాయన మెల్లగా బెంచీ దగ్గరికి నడిచి, తన చెప్పులు వెతుక్కుని వేసుకున్నాడు. అక్క పక్కన, కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

మాస్టారు తలెత్తి అక్కకేసి చూశారు. ఇక చాలు అంటుందేమోనని చూశారు.

"ఒరేయ్," అంది అక్క. "గట్టిగా చెప్పు. వెనకవాళ్ళకి వినపడట్లేదు."

మాస్టారు గొంతు సవరించుకుని, మొదటినుంచి మొదలుపెట్టారు.